కంప్యూటర్ కట్టిన ఇంజినీర్ చట్టాల దాకా ఎలా వెళ్లాడు? విల్లిస్ వేర్ కెరీర్, మన ఫోన్‌లోని పర్మిషన్లు

ఈ మధ్య నాకు మెసేజ్‌లలో ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "అక్కా, బీటెక్ అయిపోయింది. కోడింగ్ వచ్చు. కానీ జీవితాంతం కోడింగే చెయ్యాలని లేదు. చట్టాలు, పాలసీ, ప్రభుత్వం, ఇలాంటి వాటి వైపు మనలాంటి వాళ్లకి ఏమైనా పని ఉంటుందా? లేక అదంతా ఐఏఎస్ వాళ్లకి, లాయర్లకేనా?"

పని ఉంటుంది. దీనికి జవాబుగా కోర్సుల లిస్టు చదివే బదులు ఈరోజు ఒక మనిషి కెరీర్ చెప్తాను. ఆయన పేరు విల్లిస్ వేర్. అమెరికన్. మీరు ఈ పేరు విని ఉండకపోవచ్చు. కానీ "ఒక పని కోసం తీసుకున్న మీ డేటాని మిమ్మల్ని అడక్కుండా ఇంకో పనికి వాడకూడదు" అనే మాట మీకు తెలుసు కదా? దాన్ని ఒక ప్రభుత్వ రిపోర్ట్‌లో స్పష్టంగా రాసిన కమిటీకి ఛైర్మన్ ఆయనే. లాయర్ కాదు, జడ్జి కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీర్.

రాడార్ నుంచి కంప్యూటర్ దాకా

వేర్ 1920లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో పుట్టారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, తర్వాత 1942లో ఎంఐటీ నుంచి మాస్టర్స్. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆయన చేసిన పని ఏంటంటే, ఆకాశంలో వస్తున్న విమానం మనదా శత్రువుదా అని గుర్తుపట్టే రాడార్ పరికరాల మీద. కింద నుంచి ఒక సిగ్నల్ వెళ్లి "నువ్వెవరు?" అని అడుగుతుంది, విమానంలోని పరికరం సరైన జవాబు ఇవ్వాలి. ఇప్పుడు మనం లాగిన్ అయ్యేటప్పుడు జరిగేది కూడా ఇంచుమించు ఇదే.

యుద్ధం అయ్యాక, 1946లో ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో చేరారు. అక్కడ జాన్ వాన్ నాయ్‌మన్ ఆధ్వర్యంలో ఒక ఎలక్ట్రానిక్ కంప్యూటర్ కడుతున్నారు. కాలేజీలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చదివినవాళ్లకి వాన్ నాయ్‌మన్ పేరు గుర్తుండే ఉంటుంది. ప్రోగ్రామ్, డేటా రెండూ ఒకే మెమరీలో ఉండాలి అన్న డిజైన్ ఆయన పేరుతోనే ప్రసిద్ధి. ఆ టీమ్‌లో వేర్ ఒక ఇంజినీర్. సర్క్యూట్లు డిజైన్ చెయ్యడం, వాక్యూమ్ ట్యూబులు పనిచేసేలా చూడడం, అదీ పని. 1951లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ కూడా తీసుకున్నారు.

1952లో కాలిఫోర్నియాలోని ర్యాండ్ కార్పొరేషన్‌లో చేరారు. ర్యాండ్ అంటే ఏంటో ఒక్క నిమిషం చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకి జవాబు ఇక్కడే మొదలవుతుంది. అది ప్రోడక్ట్‌లు అమ్మే కంపెనీ కాదు. అమెరికా వైమానిక దళం కోసం మొదలై, 1948లో లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థ అయింది. ప్రభుత్వం ఒక కష్టమైన ప్రశ్న ఇస్తుంది. లెక్కలవాళ్లు, ఇంజినీర్లు, ఆర్థికవేత్తలు కలిసి కూర్చుని దాన్ని అన్ని వైపుల నుంచీ చూస్తారు. చివర్లో చేతికి వచ్చేది ఒక రిపోర్ట్. పాలసీ రీసెర్చ్ అంటే ఇదే అన్నమాట.

వేర్ మొదట అక్కడ కూడా కంప్యూటరే కట్టారు. వాన్ నాయ్‌మన్ గౌరవార్థం దానికి జానియాక్ అని పేరు పెట్టారు. 1953 నుంచి 1966 దాకా అది పనిచేసింది. 1964లో ర్యాండ్ కంప్యూటర్ సైన్స్ విభాగానికి ఆయన హెడ్ అయ్యారు. అంటే సుమారు 20 ఏళ్ల పాటు ఆయన జీవితం పక్కా ఇంజినీరింగే. పాలసీ మాట ఇంకా రాలేదు. ఆ 20 ఏళ్లు గుర్తుపెట్టుకోండి, చివర్లో దీని గురించి మళ్లీ మాట్లాడదాం.

గదికి తాళం వేస్తే సరిపోని రోజు

తొలిరోజుల కంప్యూటర్లకి సెక్యూరిటీ చాలా సింపుల్. ఒక పెద్ద గది, అందులో ఒక మెషిన్, ఒకసారికి ఒకే పని. రహస్యమైన పని ఉంటే గదికి తాళం వేసి, బయట ఒక గార్డ్‌ని నిలబెడితే అయిపోయేది.

1960లలో టైమ్ షేరింగ్ వచ్చింది. అంటే ఒకే కంప్యూటర్‌ని చాలామంది ఒకేసారి, దూరంగా ఉన్న టెర్మినల్స్ నుంచి, టెలిఫోన్ లైన్ల మీద వాడడం. ఇప్పుడు గార్డ్‌ని ఎక్కడ నిలబెట్టాలి? ఒకే మెమరీలో ఒకరి మామూలు లెక్క, ఇంకొకరి మిలిటరీ రహస్యం పక్కపక్కనే ఉంటాయి. తాళం గదికి ఉంది, మనిషి మాత్రం వైరు మీద వస్తున్నాడు.

1967లో అట్లాంటిక్ సిటీలో, అంటే ఆయన పుట్టిన ఊళ్లోనే, పెద్ద కంప్యూటర్ కాన్ఫరెన్స్ జరిగింది. అక్కడ వేర్ కంప్యూటర్ల సెక్యూరిటీ, ప్రైవసీ గురించి ఒక పేపర్ చదివారు. అప్పటికి ఇంటర్నెట్ లేదు, దాని తల్లి లాంటి ఆర్పానెట్ కూడా ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది. అదే ఏడాది అమెరికా రక్షణ శాఖ వాళ్లు ఈ సమస్య మీద ఒక టాస్క్ ఫోర్స్ వేసి వేర్‌ని ఛైర్మన్‌ని చేశారు. 1970లో రిపోర్ట్ వచ్చింది. అది రహస్య పత్రంగా ఉండి 1975లో బయటికొచ్చింది. సైబర్ సెక్యూరిటీ చదివేవాళ్లు ఇప్పటికీ దాన్ని వేర్ రిపోర్ట్ అనే పిలుస్తారు.

అందులో ఒక బొమ్మ ఉంది. మధ్యలో కంప్యూటర్, దాని ఫైళ్లు. అక్కడి నుంచి లైన్లు, స్విచ్చింగ్ సెంటర్, దూరంగా టెర్మినల్స్. ప్రతి చోటా ఒక బాణం గుర్తు, "ఇక్కడ కారొచ్చు" అని. లైన్‌ని ఎవరైనా ట్యాప్ చెయ్యొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో రక్షణ ఫెయిల్ కావచ్చు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఆ బొమ్మలో మనుషులు కూడా ఉన్నారు. ఆపరేటర్, సిస్టమ్ ప్రోగ్రామర్, రిపేరుకి వచ్చే మెయింటెనెన్స్ మనిషి, వాడే యూజర్. ఒక్కొక్కరి పక్కన, ఈ మనిషి వల్ల ఏం పోవచ్చో రాసి ఉంటుంది.

సిస్టమ్స్ ఇంజినీర్ చూపు అంటే ఇదే. సిస్టమ్ డబ్బాతో ఆగిపోదు. దాన్ని నడిపే మనిషి, రిపేర్ చేసే మనిషి, వాడే మనిషి, అందరూ అందులో భాగమే. ఈ ఒక్క ఆలోచనే వేర్‌ని తర్వాత చట్టాల దాకా తీసుకెళ్లింది. ఎందుకంటే ఆ బొమ్మలో ఇంకా ఒక మనిషి లేడు. ఎవరి వివరాలు ఆ ఫైల్లో ఉన్నాయో, ఆ మనిషి.

సెక్యూరిటీ వేరు, ప్రైవసీ వేరు

ఈ రెండూ మనం కలిపేసి మాట్లాడుతుంటాం. ఒక ఉదాహరణ చూడండి. ఒక ఆసుపత్రిలో మీ రిపోర్టులన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి. పాస్‌వర్డ్ గట్టిది, ఎన్‌క్రిప్షన్ ఉంది, ఏ హ్యాకరూ లోపలికి రాలేదు. కానీ మేనేజ్‌మెంట్ వాళ్లే ఆ లిస్టుని ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చారు. సెక్యూరిటీలో లోపం లేదు. తాళం బద్దలవలేదు. తాళంచెవి ఉన్నవాళ్లే తలుపు తీశారు. మీ ప్రైవసీ మాత్రం పోయింది.

సెక్యూరిటీ అంటే బయటివాడు లోపలికి రాకుండా చూడడం. ప్రైవసీ అంటే లోపల ఉన్నవాడు ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అనే హద్దు. మొదటిదానికి ఇంజినీర్లు చాలావరకు సరిపోతారు. రెండోదానికి చట్టం కావాలి.

1960ల మధ్యలో అమెరికాలో వేర్వేరు ప్రభుత్వ శాఖల రికార్డులన్నీ ఒకేచోట పెట్టి జాతీయ డేటా సెంటర్ కడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. జనం భయపడ్డారు, కాంగ్రెస్ విచారణ జరిపింది, ప్రతిపాదన ఆగిపోయింది. కానీ కంప్యూటర్లు ఆగలేదు. పెన్షన్లు, వైద్యం, సంక్షేమం, అన్ని రికార్డులూ మెషిన్లలోకి వెళ్తున్నాయి. 1972లో ఆరోగ్యం, విద్య, సంక్షేమం చూసే శాఖ ఒక సలహా కమిటీ వేసింది. లాయర్లు, అధికారులు, ప్రొఫెసర్లు, కంప్యూటర్ వాళ్లు అందరూ ఉన్న ఆ కమిటీకి ఛైర్మన్‌గా విల్లిస్ వేర్. 1973 జులైలో రిపోర్ట్ వచ్చింది.

ఆ అయిదు రూల్స్

రిపోర్ట్ పెద్దదే, కానీ దాని గుండెకాయ అయిదు రూల్స్. నా మాటల్లో చెప్తాను.

ఒకటి. మనుషుల వివరాలు దాచే రహస్య రికార్డు వ్యవస్థ ఏదీ ఉండకూడదు. అది ఉందన్న సంగతే దాచిపెట్టకూడదు.

రెండు. నా గురించి ఏం రాసి ఉంది, దాన్ని ఎలా వాడుతున్నారు అన్నది నేను తెలుసుకునే దారి ఉండాలి.

మూడు. ఒక పని కోసం తీసుకున్న వివరాలని నా ఒప్పుకోలు లేకుండా ఇంకో పనికి వాడకుండా ఆపే దారి నాకు ఉండాలి.

నాలుగు. నా రికార్డులో తప్పుంటే దిద్దించుకునే దారి ఉండాలి.

అయిదు. రికార్డు పెట్టుకున్న సంస్థదే బాధ్యత. డేటా నమ్మదగినదిగా ఉందా లేదా చూసుకోవాలి, దుర్వినియోగం కాకుండా జాగ్రత్తపడాలి.

వీటిని ఒక ఇంజినీర్ కళ్లతో చూడండి. రెండోది రీడ్ యాక్సెస్. నాలుగోది ఎర్రర్ కరెక్షన్. మూడోది ఫ్లో కంట్రోల్. అయిదోది డేటా క్వాలిటీ. అలాగని ఇది వేర్ ఒక్కరే రాసిన రిపోర్ట్ కాదు, కమిటీ మొత్తం రాసింది. కానీ "ఏ రికార్డులోనైనా తప్పులుంటాయి, కాబట్టి దిద్దే దారి ముందే పెట్టండి" అనే ఆలోచన, మెషిన్లు ఎలా ఫెయిలవుతాయో చేత్తో చూసినవాళ్లకి చాలా సహజంగా వస్తుంది.

అదే రిపోర్ట్ ఇంకో మాట కూడా చెప్పింది. సోషల్ సెక్యూరిటీ నంబర్‌ని అన్ని పనులకీ వాడే ఒకే గుర్తింపు నంబర్‌గా మార్చొద్దని. ఒకే నంబర్ అన్ని రికార్డుల్లోనూ ఉంటే వాటిని కలిపేయడం చాలా తేలిక, అదీ భయం. ఆధార్ మీద మన దేశంలో ఏళ్ల తరబడి నడిచిన వాదన మీకు గుర్తొస్తే, అది సరైన పోలికే.

రిపోర్ట్ తర్వాత ఏమైంది?

1974 డిసెంబర్ 31న అమెరికాలో ప్రైవసీ యాక్ట్ వచ్చింది. ఆ అయిదు రూల్సే దానికి పునాది. కానీ చట్టం కేంద్ర ప్రభుత్వ శాఖలకి మాత్రమే. ప్రైవేట్ కంపెనీల సంగతి చూడడానికి ఒక కమిషన్ వేశారు, వేర్ దానికి వైస్ ఛైర్మన్. 1977లో ఆ కమిషన్ రిపోర్ట్ ఇచ్చింది. అందులో చాలా సిఫార్సులు కాగితం మీదే ఉండిపోయాయి. అమెరికాలో అన్ని ప్రైవేట్ కంపెనీలకీ కలిపి ఒకే ప్రైవసీ చట్టం ఇప్పటికీ లేదు. పాలసీ పనిలో ఇదొక నిజం. కోడ్ రాస్తే రన్ అవుతుందో లేదో సాయంత్రానికి తెలుస్తుంది. రిపోర్ట్ రాస్తే తెలియడానికి 10 ఏళ్లు పట్టొచ్చు.

ఒక్కోసారి రిపోర్ట్ కదిలించలేనిది సినిమా కదిలిస్తుంది. 1983లో వార్‌గేమ్స్ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. ఒక కుర్రాడు ఇంట్లో కూర్చుని మోడెమ్‌తో మిలిటరీ కంప్యూటర్‌లోకి వెళ్లిపోతాడు. నిజంగా ఇలా జరుగుతుందా అన్న అనుమానంతో ఆ సినిమా రచయితలు వెళ్లి కలిసింది విల్లిస్ వేర్‌నే. జరగొచ్చని ఆయన చెప్పారు. సినిమా చూసిన ప్రెసిడెంట్ రీగన్ తన సైన్యాధికారులని ఇదే ప్రశ్న అడిగారు. సమస్య అనుకున్నదానికంటే పెద్దదని జవాబు వచ్చింది. 1984లో ప్రభుత్వ కంప్యూటర్ల భద్రత మీద ఒక అధ్యక్ష ఆదేశం వెలువడింది. 1970 రిపోర్ట్‌లో రాసిన విషయం, 14 ఏళ్ల తర్వాత, మధ్యలో ఒక సినిమా సాయంతో, ప్రెసిడెంట్ టేబుల్ మీదకి చేరింది.

ఈలోగా ఆ రూల్స్ అమెరికా దాటాయి. 1980లో ఓఈసీడీ దేశాలు ప్రైవసీ మార్గదర్శకాలు తెచ్చాయి, అవీ ఇదే వంశం. మన దేశంలో 2012లో జస్టిస్ ఏపీ షా నిపుణుల బృందం వేరే దేశాల పద్ధతులు, ఓఈసీడీ సూత్రాలు అన్నీ చూసి తొమ్మిది ప్రైవసీ సూత్రాలు రాసింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ యాక్ట్ వచ్చింది. 2025 నవంబర్‌లో దాని నియమాలు నోటిఫై అయ్యాయి. కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలకి ఆ తర్వాత 18 నెలల గడువు ఇచ్చారు.

ఇది మన ఇంటికి ఎలా వచ్చింది?

ఇక్కడిదాకా చరిత్ర. ఇప్పుడు రెండు విషయాలు చెప్తాను, రెండూ మన దగ్గరివే.

మొదటిది లోన్ యాప్స్. 2020 చివర్లో హైదరాబాద్‌లో పోలీసులు వరసగా అరెస్టులు చేశారు, గుర్తుందా? యాప్‌లో అయిదు నిమిషాల్లో అప్పు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్ట్స్, ఫోటోలు అన్నిటికీ పర్మిషన్. కట్టడం ఆలస్యమైతే మీ అమ్మానాన్నకి, బంధువులకి, ఆఫీసులో వాళ్లకి మెసేజ్‌లు, మార్ఫ్ చేసిన ఫోటోలు. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఇది సరిగ్గా మూడో రూల్. అప్పు ఇవ్వడానికని తీసుకున్న కాంటాక్ట్స్‌ని, బెదిరించడానికి వాడారు. అక్కడ ఎవరూ దేన్నీ హ్యాక్ చెయ్యలేదు. మనమే "అలౌ" నొక్కాం.

రిజర్వ్ బ్యాంక్ 2021లో ఒక వర్కింగ్ గ్రూప్ వేసింది. బ్యాంకు అధికారులతో పాటు బయటి సభ్యుల్లో ఒక సైబర్ సెక్యూరిటీ నిపుణుడు కూడా ఉన్నారు. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాల్లో ఏముందో చూడండి. అప్పులిచ్చే యాప్ మీ ఫోన్‌లోని ఫైళ్లు, మీడియా, కాంటాక్ట్ లిస్టు, కాల్ లాగ్స్ ముట్టుకోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి కేవైసీ కోసం ఒక్కసారి, మీరు స్పష్టంగా ఒప్పుకుంటేనే. "కస్టమర్లని వేధించకూడదు" అని రాసి వదిలేయలేదు. వేధింపు ఏ దారిలో వస్తోందో ఆ పర్మిషన్‌నే మూశారు. ఫోన్ లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు గదిలో ఉంటే రూల్ ఇలా వస్తుంది.

రెండోది రేషన్ కార్డు. తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక సాఫ్ట్‌వేర్ వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల రికార్డులని పేర్లు, అడ్రస్‌లు పోల్చి కలుపుతుంది. ఈ కుటుంబానికి కారుందా, ఇంకేదైనా ఆస్తి ఉందా అని చూపిస్తుంది. అనర్హులని పట్టుకోవడానికి మంచిదే కదా అనిపిస్తుంది. కానీ మన ఊళ్లలో ఒకే పేరున్నవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. పేరు కలిసి, వేరేవాళ్ల కారు పేదవాళ్ల ఖాతాలో కనిపించి, రేషన్ ఆగిపోయిన కేసులు వార్తల్లోకి వచ్చాయి. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులని ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆ అయిదు రూల్స్ పక్కన పెట్టి చూడండి. నా గురించి ఏం రాసుంది? తెలియదు. ఎక్కడి నుంచి వచ్చింది? తెలియదు. దిద్దమని ఎవర్ని అడగాలి? మీసేవా కౌంటర్‌లో అబ్బాయి స్క్రీన్ చూసి "సిస్టమ్‌లో క్యాన్సిల్ అని వస్తోందమ్మా" అంటాడు. అతని తప్పేం లేదు, అతనికి కనిపించేది అంతే. రూల్ రెండు, రూల్ నాలుగు లేని సిస్టమ్ ఇలాగే మాట్లాడుతుంది.

కొత్త చట్టం వచ్చింది కదా, ఇది తీరిపోతుందా? చట్టం చదివితే ఒక విషయం కనిపిస్తుంది. నా డేటా నాకు చూపించు, తప్పుంటే దిద్దు అనే హక్కులు సెక్షన్ 11, 12లో ఉన్నాయి. అవి సమ్మతితో ఇచ్చిన డేటా గురించి రాసినవి. రాయితీలు, పథకాల కోసం ప్రభుత్వం వాడే డేటా సెక్షన్ 7లో వేరే దారిలో ఉంది. దానికి సమ్మతి అడగక్కర్లేదు. ఆ డేటా కచ్చితంగా ఉండేలా చూడాలని నియమాల్లో రాశారు, అది అయిదో రూల్‌కి దగ్గర. కానీ కార్డు పోయిన మనిషికి ముందుగా కావాల్సింది రెండోది, నాలుగోది. సెక్షన్ నంబర్లు తేడాగా ఉండడం చదివేవాళ్లకి చిన్న విషయం. నెలనెలా బియ్యం ఆగిపోయిన ఇంటికి చిన్నది కాదు.

నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఎన్నో రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లు చదివాను. ఎంత ఫాస్ట్‌గా లోడ్ కావాలి, ఎంతమంది ఒకేసారి వాడతారు, అన్నీ ఉంటాయి. "ఈ రికార్డు తప్పయితే అవతలి మనిషి ఎవరికి చెప్పుకోవాలి" అనే లైన్ నేను ఒక్క దాంట్లో కూడా చూడలేదు. టీమ్‌లో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఆ ప్రశ్న అడగడం ఎవరి పనీ కాదు, అంతే. విల్లిస్ వేర్ దాన్ని తన పని చేసుకున్నారు.

మరి మీ కెరీర్?

మొదట్లో 20 ఏళ్లు గుర్తుపెట్టుకోమన్నాను. వేర్ ఇంజినీరింగ్ వదిలేసి పాలసీకి వెళ్లలేదు. ఇంజినీరింగ్ తెలుసు కాబట్టే ఆయన్ని పిలిచారు. ఆ కమిటీలో చట్టం తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. మెషిన్ ఎక్కడ కారుతుందో చెప్పగలిగేవాళ్లు తక్కువ. కాబట్టి మీకు 20 ఏళ్లు అక్కర్లేకపోయినా, ఒక సిస్టమ్‌ని నిజంగా లోపలి నుంచి చూసిన అనుభవం కావాలి. డేటాబేస్, నెట్‌వర్క్, పేమెంట్స్, హెల్త్ రికార్డులు, ఏదైనా సరే.

రెండోది, మామూలు మనిషికి అర్థమయ్యేలా రాయడం. ఆ అయిదు రూల్స్‌లో ఒక్క టెక్నికల్ పదం లేదు. అందుకే 50 ఏళ్లు దాటినా నిలబడ్డాయి. తెలుగులో అయినా, ఇంగ్లీషులో అయినా, ఒక పేజీలో ఒక సమస్యని సూటిగా చెప్పడం ప్రాక్టీస్ చెయ్యండి.

మూడోది, చట్టాన్ని కోడ్ చదివినట్టు చదవడం. ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి మినహాయింపు, ఏ సెక్షన్ ఏ సెక్షన్‌ని పిలుస్తోంది. బీటెక్ వాళ్లకి ఇది అనుకున్నంత కష్టం కాదు, ఇఫ్-ఎల్స్ చదివినట్టే ఉంటుంది.

చోట్లు కూడా ఉన్నాయి. బెంగళూరులో సీస్టెప్ అనే సంస్థ సైన్స్, టెక్నాలజీ, పాలసీ మీద పనిచేస్తుంది, అక్కడ ఇంజినీర్లు చాలామంది. అదే ఊళ్లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఉంది. పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌లో ఒక ఎంపీతో కలిసి పార్లమెంట్ పని మీద రీసెర్చ్ చేస్తారు, ఏ డిగ్రీ వాళ్లయినా అప్లై చెయ్యొచ్చు, కాకపోతే వయసు పరిమితి ఉంది. ఐఐటీ ఢిల్లీలో, ఐఐటీ బాంబేలో పబ్లిక్ పాలసీ చదువులు ఉన్నాయి. హైదరాబాద్‌లో కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీ ఉంది. అయితే ఒకటి ముందే చెప్తాను. ఈ లైన్‌లో మొదటి జీతాలు ఐటీ కంపెనీలతో పోలిస్తే తక్కువగానే ఉంటాయి. ఇంట్లో ఈఎంఐలు ఉన్నవాళ్లు కొన్నేళ్లు ఉద్యోగం చేసి, చేతిలో కొంత పెట్టుకుని రావడంలో తప్పేం లేదు.

ఉద్యోగం మారకుండా కూడా మొదలుపెట్టొచ్చు. కేంద్రం ఏదైనా చట్టానికి నియమాల డ్రాఫ్ట్ పెట్టినప్పుడు తరచుగా ప్రజల అభిప్రాయం అడుగుతుంది. డేటా ప్రొటెక్షన్ నియమాల డ్రాఫ్ట్ కూడా 2025 జనవరిలో అలాగే మైగవ్ సైట్‌లో పెట్టారు. మీ ఫీల్డ్‌కి సంబంధించిన డ్రాఫ్ట్ వచ్చినప్పుడు, ఒక్క క్లాజ్ తీసుకుని, ఇది సిస్టమ్‌లో ఇలా ఫెయిలవుతుంది, ఇలా మార్చండి అని ఒక పేజీ రాసి పంపండి. పాలసీ రీసెర్చ్‌లో మీ మొదటి పేపర్ అదే.

ఇక అందరూ ఈరోజే చెయ్యగలిగిన మూడు పనులు. ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి, మీ కాంటాక్ట్స్ ఏ యాప్స్‌కి ఇచ్చారో చూడండి, అది మూడో రూల్. యూఐడీఏఐ సైట్‌లో మీ ఆధార్‌ని ఎప్పుడెప్పుడు వాడారో హిస్టరీ చూడండి, అది రెండో రూల్. ఏడాదికి ఒకసారి ప్రతి క్రెడిట్ బ్యూరో మీ రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి, అది తీసుకుని మీది కాని లోన్ ఏదైనా ఉంటే దిద్దమని కంప్లయింట్ పెట్టండి, అది నాలుగో రూల్. మీది అయ్యాక అమ్మావాళ్ల ఫోన్ కూడా తీసుకుని చూడండి. వాళ్ల ఫోన్‌లో "అలౌ" నొక్కింది చాలాసార్లు మనమే కదా.

విల్లిస్ వేర్ 2013లో 93 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన కట్టిన జానియాక్ ఇప్పుడు మ్యూజియంలో ఉంది. ఆ అయిదు రూల్స్ మాత్రం ఇంకా పనిలోనే ఉన్నాయి, కొన్ని చోట్ల అమలవుతూ, కొన్ని చోట్ల అమలు కోసం ఎదురుచూస్తూ. ఆ మిగిలిన పని చెయ్యడానికి సిస్టమ్ తెలిసినవాళ్లు కావాలి. అది మీరైతే చాలా సంతోషం. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.